రహస్య సందేశం, మనిషి నమ్మకం: దక్షిణాఫ్రికా ‘వూలా’ నుండి సెల్‌ఫోన్ వరకు ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

నిరంకుశ ప్రభుత్వాల క్రింద బ్రతికే ప్రజలకు సెల్‌ఫోన్ ఒక విమోచన సాధనమని కొందరు వ్రాశారు. అదే సెల్‌ఫోన్ వారిని పట్టి ఇచ్చే వేగులవాడని మరికొందరు వ్రాశారు. రెండు మాటలకూ ఆధారాలు లేకపోలేదు. అయితే ఈ రెండు అభిప్రాయాలూ పరికరాన్ని చూసినంతగా దానిని పట్టుకొన్న మనిషిని చూడలేదని మాకు తోచుచున్నది. కాబట్టి సెల్‌ఫోన్ సామాన్యుల చేతికి రాకముందు ఒక దేశంలో టెలిఫోన్‌ను ఆధారం చేసుకొని నడిచిన రహస్య సందేశ వ్యవస్థను మొదట పరిశీలించి, ఆ వెలుగులో నేటి సెల్‌ఫోన్‌ను చూడాలని ఈ వ్యాసంలో ప్రయత్నిస్తున్నాము. ఆ దేశం దక్షిణాఫ్రికా. ఆ వ్యవస్థ పేరు వూలా.

ఈ ఉదాహరణను ఎంచుకొనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఈ పనిలో పాల్గొన్నవారే దాని చరిత్రను తరువాత బహిరంగంగా వ్రాసిపెట్టారు. దాని సాంకేతిక భాగాన్ని రూపొందించిన టిమ్ జెన్‌కిన్ 1995లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ పత్రిక ‘మయిబుయే’లో వరుస వ్యాసాలు ప్రచురించాడు. రెండవది, ఆ కథలో ముఖ్యమైన ఘట్టాలు జరిగిన నటాల్ ప్రాంతం తెలుగువారికి పరాయిది కాదు. 1860 నుండి చెరకు తోటల కూలీలుగా అక్కడికి వెళ్లినవారిలో తెలుగువారు అనేకులు. నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు తెలుగు బాప్తిస్టు హోం మిషనరీ సొసైటీ పక్షాన 1903లో నటాల్ చేరి, కియర్స్‌నీ తోటలలోని తెలుగు కూలీల మధ్య సంఘాన్ని స్థాపించిన సంగతి మన సంఘ చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. ఆ కూలీల సంతతివారు కూడా జాతి వివక్ష చట్టాల క్రిందనే బ్రతికారు.

1. కాగితం పలికిన సాక్ష్యం

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు జనంపై కాల్పులు జరిపిన తరువాత, ఏప్రిల్ నెలలో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ నిషేధించబడింది. అప్పటినుండి మూడు దశాబ్దాలపాటు ఆ సంస్థ నాయకులలో కొందరు చెరసాలలోను, కొందరు పరదేశాలలోను ఉన్నారు. దేశం లోపల మిగిలినవారికీ బయట ఉన్నవారికీ మధ్య మాట నడవడమే వారికి అన్నిటికంటె పెద్ద సమస్య అయ్యింది.

ఈ సమస్యలో వ్రాతకు ఉన్న ప్రమాదాన్ని వారు మొదటే చవిచూశారు. 1963 జూలై 11న జొహన్నెస్‌బర్గ్ సమీపంలోని రివోనియాలో, లిలీస్‌లీఫ్ అనే తోటపై పోలీసులు దాడి చేసినప్పుడు మనుష్యులతోపాటు వందలాది కాగితాలు దొరికాయి. కాల్చివేయవలసినవి, ఉంచుకొన్నవి, చేతివ్రాతలో ఉన్నవి అన్నీ న్యాయస్థానంలో సాక్ష్యాలయ్యాయి. నెల్సన్ మండేలా, ఆయన సహచరులు యావజ్జీవ శిక్ష పొందడానికి ఆ కాగితాలు చాలామట్టుకు తోడ్పడ్డాయి.

చెరసాలలో కూడా ఇదే పాఠం మరల వచ్చింది. రాబెన్ ద్వీపంలో మండేలా రహస్యంగా వ్రాసిన ఆత్మకథను అక్కడే పన్నెండేళ్లు ఖైదీగా ఉన్న మాక్ మహరాజ్ అతి చిన్న అక్షరాలలోకి ఎత్తివ్రాసి, 1976లో విడుదలైనప్పుడు బయటికి తీసికొనిపోయాడు. ఆ ప్రతి క్షేమంగా దాటింది. ద్వీపంలో పాతిపెట్టిన మూలప్రతిలో కొంత భాగం మాత్రం 1977లో కావలివారికి దొరికింది. దాని ఫలితంగా మండేలా, సిసులు, కథ్రాడాలకు చదువుకొనే అనుమతి నాలుగేళ్లు తీసివేయబడింది.

ఇక తపాలా సంగతి చెప్పనవసరం లేదు. 1982 ఆగస్టు 17న మపూటో నగరంలో రూత్ ఫస్ట్ అనే పరిశోధకురాలు తనకు వచ్చిన పొట్లం విప్పగా అది పేలి ఆమె మరణించింది. సందేశం రావలసిన దారినే మరణం వచ్చింది.

2. జెన్‌కిన్ ఎదుర్కొన్న చిక్కు

టిమ్ జెన్‌కిన్ కేప్‌టౌన్‌లో పుట్టిన తెల్లజాతీయుడు. నిషేధిత కరపత్రాలు పంచినందుకు 1978లో అతనికి పన్నెండేళ్ల శిక్ష పడింది. ప్రిటోరియా చెరసాల తలుపులకు కొయ్యతో తాళపుచెవులు తయారుచేసుకొని, మరి ఇద్దరితో కలిసి 1979 డిసెంబరు 11న తప్పించుకొన్నాడు. తరువాత లండన్ చేరి, దేశంలోనికి వెళ్లే కార్యకర్తలకు రహస్య సందేశాల విద్య నేర్పే పనిలో కుదిరాడు.

అప్పటి పద్ధతులు పాతకాలపువే: కంటికి కనబడని సిరా, పుస్తకంలోని పుటల సంఖ్యలతో సంకేతాలు, ఎక్కడో ఒక చోట ఉత్తరం దాచి మరొకరు తీసికొనిపోవడం. ఒక పుటకు సంకేతలిపి కట్టడానికే గంటలు పట్టేది. జవాబు వచ్చేసరికి వారాలు గడిచేవి, అప్పటికి అడిగిన ప్రశ్నకే కాలం చెల్లిపోయేది. ఈ సంగతిలో గమనించదగినది ఏమనగా, కార్యకర్తలు నేర్చుకొన్న పద్ధతులను మానివేయడానికి సోమరితనం కారణం కాదు. పద్ధతి కష్టమైనప్పుడు మనిషి సులువైన దారి వెదకుకొంటాడు. ఆ సులువైన దారిలోనే పోలీసులు కాచుకొని ఉంటారు. భద్రతకు మొదటి శత్రువు శ్రమ అని జెన్‌కిన్ గ్రహించాడు. అందుచేత ఆ శ్రమను యంత్రానికి అప్పగించాలని అతడు, అతని సహచరుడు రోనీ ప్రెస్ 1980ల మధ్యకాలంలో ప్రయోగాలు ప్రారంభించారు.

3. వూలా పనిచేసిన విధం

1986 జూన్‌లో దక్షిణాఫ్రికా అంతటా అత్యవసర పరిస్థితి ప్రకటించబడింది. అదే ఏడు, నాయకులను రహస్యంగా దేశంలోనికి పంపి లోపలనుండే ఉద్యమాన్ని నడిపించాలని ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తీర్మానించింది. ఓలివర్ టాంబో, జో స్లోవోల ప్రత్యక్ష పర్యవేక్షణలో ఉన్న ఈ ప్రయత్నానికి వూలిండ్లేలా అని పేరు. ‘దారి తెరువు’ అని దాని అర్థం. దాని కుదింపే వూలా. 1988లో మాక్ మహరాజ్, సిఫివె న్యాండా సరిహద్దు దాటారు. మహరాజ్ మూత్రపిండాల వ్యాధికి మాస్కోలో చికిత్స పొందుతున్నాడని బయట నమ్మించారు. ఆ దినాల కాఠిన్యం ఎటువంటిదంటే, అదే ఆగస్టు 31న జొహన్నెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా సంఘాల సమాఖ్య కార్యాలయమైన కోట్సో హౌస్‌ను పోలీసుశాఖవారే బాంబుతో కూల్చారు. ఆ సంగతి చాలాకాలం తరువాత ఒప్పుకోలుతో బయటపడింది.

వూలా కార్యకర్తలు వాడిన సాధనాలు నాలుగు: ఒక చిన్న కంప్యూటరు, ఒక ఫ్లాపీ డిస్కు, ఒక మోడెం, ఒక చిన్న టేప్‌రికార్డరు. డిస్కులో ఏ క్రమమూ లేని అంకెలు నింపి ఉండేవి. సరిగ్గా అటువంటి డిస్కే లండన్‌లో జెన్‌కిన్ దగ్గర ఉండేది. సందేశంలోని ప్రతి అక్షరాన్నీ డిస్కులోని ఒక్కొక్క అంకెతో కలిపి ప్రోగ్రామ్ మార్చివేసేది. ఒకసారి వాడిన అంకెలను మరల వాడకూడదు గనుక వాటిని అప్పుడే చెరిపివేసేది. అంకెలు నిజంగా క్రమంలేనివై, ఒక్కసారే వాడబడి, పరులకు చిక్కకుండా ఉంటే ఇటువంటి లిపిని ఎవరూ ఛేదించలేరని క్లాడ్ షానన్ అనే గణితవేత్త 1949లోనే నిరూపించాడు.

అలా మార్చిన సందేశాన్ని మోడెం ధ్వనిగా పలికితే టేప్‌లో ఎక్కించుకొనేవారు. తరువాత ఒక కార్యకర్త వీధిలోని పబ్లిక్ ఫోన్ దగ్గరకు వెళ్లి, లండన్‌లోని ఒక నంబరు త్రిప్పి, రిసీవరు దగ్గర ఆ టేప్‌ను వినిపించేవాడు. అక్కడ ఫోన్‌కు తగిలించిన యంత్రం దానిని రికార్డు చేసికొనేది. జెన్‌కిన్ దానిని విప్పి, జాంబియా రాజధాని లుసాకాలో ఉన్న నాయకులకు వేరొక సంకేతంలో పంపేవాడు. జవాబు కూడా ఇదే దారిలో వచ్చేది. లండన్‌ను మధ్యస్థానంగా ఎంచుకొనడంలో వివేకం ఉంది. దక్షిణాఫ్రికా నుండి లండన్‌కు వ్యాపారపు ఫోన్లు రోజూ ఎన్నో పోతాయి. అటువంటి రద్దీలో ఒక ఫోన్ ఎవరి కంట పడుతుంది? వారాలు పట్టిన సంభాషణ ఇప్పుడు ఒక్కరోజులో ముగిసేది.

అయితే అంకెల డిస్కులు మాత్రం గాలిలో రాలేవు. వాటిని మనుష్యులే మోసుకొనిపోవాలి. నెదర్లాండ్స్‌లోని జాతివివక్ష వ్యతిరేక సంఘంవారు ఇందుకు సహాయం చేశారు. విమానంలో పనిచేసే ఒక స్త్రీ తన ఉద్యోగ ప్రయాణాలలో డిస్కులను చేరవేసేది. ఎంత గొప్ప యంత్రమైనా, దాని తాళపుచెవి ఒక మనిషి చేతిసంచిలోనే ప్రయాణం చేసింది. ఆ మనిషి నమ్మకమే ఆ లిపికి పునాది. ఈ దారి ద్వారానే, 1988 డిసెంబరు నుండి విక్టర్ వెర్‌స్టర్ చెరసాలలో ఉన్న మండేలాకూ లుసాకాలోని టాంబోకూ మధ్య కూడా మాటలు నడిచాయి. ప్రభుత్వంతో ఏమి మాట్లాడుతున్నాడో తన పాత స్నేహితునికి మండేలా తెలియజేయగలిగాడు. అపోహలు పెరిగి ఉద్యమం చీలిపోకుండా ఈ సంభాషణ తోడ్పడింది.

వూలా ఆయుధాలను కూడా దేశంలోనికి చేర్చిన పని అని ఇక్కడ చెప్పక తప్పదు. అన్యాయపు ప్రభుత్వాన్ని బలప్రయోగంతో ఎదిరించవచ్చునా అనే ప్రశ్న 1985లో కైరోస్ పత్రం వెలువడినప్పుడు దక్షిణాఫ్రికా సంఘాలలో తీవ్రంగా చర్చించబడింది. ఆ ప్రశ్న వేరొక వ్యాసానికి తగినది. ఇక్కడ మా దృష్టి సందేశ వ్యవస్థ మీదనే.

4. 1990 జూలై

1990 ఫిబ్రవరి 2న నిషేధం తొలగింది. 11న మండేలా విడుదలయ్యాడు. చర్చలు ఇంకా తొలిమెట్టులోనే ఉన్నాయి గనుక వూలాను ఆపలేదు. అయితే స్వేచ్ఛ గాలి తగిలినప్పుడు జాగ్రత్త సడలడం మానవ సహజం.

ఆ జూలై నెలలో చార్లెస్ న్డాబా, ఎంబూసో షబలాలా అనే ఇద్దరు వూలా కార్యకర్తలు డర్బన్‌లో భద్రతా పోలీసులకు చిక్కారు. కొద్ది దినాలలోనే రహస్య గృహాలపై దాడులు జరిగాయి. న్యాండా పట్టుబడ్డాడు. ప్రవీణ్ గోర్ధన్, బిల్లీ నాయర్ మొదలైనవారు నిర్బంధించబడ్డారు. జూలై 25న మహరాజ్ కూడా అరెస్టయ్యాడు. పోలీసులకు దొరికిన వాటిలో కంప్యూటరు డిస్కులున్నాయి. వాటిలో అప్పటికే విప్పిన సందేశాలు, నివేదికలు మామూలు భాషలో భద్రపరచి ఉన్నాయి. ఎవరూ ఛేదించలేని లిపిని పోలీసులు ఛేదించవలసిన అవసరమే లేకపోయింది. ఇరవై ఏడేళ్ల క్రితం లిలీస్‌లీఫ్ తోటలో కాగితాలు చేసిన పనినే డర్బన్‌లో డిస్కులు చేశాయి.

దొరికిన వాటిలో, చెరకు తోటల పట్టణమైన టోంగాట్‌లో మే నెలలో జరిగిన ఒక సమావేశపు వివరాలుండగా, అందులో మాట్లాడిన ‘జో’ అనే వ్యక్తి జో స్లోవోయే అని ప్రభుత్వం భావించింది. స్లోవోను చర్చల నుండి తప్పించాలని అధ్యక్షుడు డి క్లెర్క్ కోరాడు. తీరా చూస్తే ఆ ‘జో’ న్యాండాకు పెట్టుకొన్న మారుపేరు. స్లోవో ఆ సమయంలో దేశంలోనే లేడని అతని పాస్‌పోర్టు చూపించింది. ఇతరుల సందేశాలను దొంగిలించి చదివేవారు వాటిని సరిగ్గా అర్థం చేసికొంటారనే భరోసా కూడా లేదని ఈ సంఘటన తెలుపుచున్నది.

నిందితులకు 1991లో క్షమాభిక్ష లభించింది. న్డాబా, షబలాలాలు మాత్రం తిరిగి రాలేదు. వారిని చంపి, శవాలను తుగేలా నది ముఖద్వారం దగ్గర నీటిలో పడవేశామని భద్రతా పోలీసు అధికారులు తరువాత సత్య-సమాధాన కమిషన్ ఎదుట ఒప్పుకొన్నారు. ఈ ఇద్దరి పేర్లు లేకుండా వూలా సాంకేతిక విజయాన్ని పొగడడం న్యాయం కాదు.

5. సెల్‌ఫోన్ తెచ్చిన మార్పు

జి.ఎస్.ఎం. సెల్‌ఫోన్ సేవలు దక్షిణాఫ్రికాలో 1994లో, అనగా జాతివివక్ష పాలన ముగిసిన ఏడే ప్రారంభమయ్యాయి. ఒకవేళ వూలా కార్యకర్తల చేతిలో అవి ఉండి ఉంటే మేలు జరిగేదా? పైపైన చూస్తే అవుననే అనిపిస్తుంది. అయితే రెండింటి స్వభావాన్ని పోల్చి చూడాలి.

వీధిలోని పబ్లిక్ ఫోన్ ఎవరిదీ కాదు. ఈ రోజు ఒక వీధిలో, రేపు ఇంకొక వీధిలో మాట్లాడవచ్చును. సెల్‌ఫోన్ అలా కాదు. దానిలోని సిమ్‌కు ఒక సంఖ్య, పరికరానికి మరొక సంఖ్య ఉంటాయి. అది ఆన్‌లో ఉన్నంతసేపు, మాట్లాడినా మాట్లాడకున్నా, తాను ఏ టవరు క్రింద ఉన్నదో కంపెనీకి తెలుపుతూనే ఉంటుంది. ఇక జి.ఎస్.ఎం.లో ఉన్న రహస్యలిపి ఫోన్ నుండి టవరు వరకే కాపాడుతుంది. అక్కడినుండి మాట కంపెనీ యంత్రాలకు తేటగా అందుతుంది. కంపెనీ ప్రభుత్వ లైసెన్సుతో నడుస్తుంది గనుక, నిరంకుశ ప్రభుత్వం అడిగితే కాదనడం దానికి కష్టం.

2001 జనవరిలో మనీలాలో అధ్యక్షుడు ఎస్ట్రాడాకు వ్యతిరేకంగా ఎస్.ఎం.ఎస్.ల ద్వారా జనం ఎడ్సా రహదారికి తరలివచ్చారు. నాలుగు దినాలలో అతడు పదవి వదిలాడు. సెల్‌ఫోన్ ప్రభుత్వాన్ని దించిందని లోకమంతా వ్రాసింది. అయితే అక్కడ ఎవరూ రహస్యం పాటించలేదు, పాటించవలసిన అవసరమూ రాలేదు. పిలుపు బహిరంగం, జనం లక్షలాది. అదే సాధనం వేరొక ప్రభుత్వం క్రింద ఎలా మారుతుందో తరువాతి సంవత్సరాలు చూపించాయి. 2009 జూన్‌లో ఇరాన్ ఎన్నికల సమయంలో ఎస్.ఎం.ఎస్. సేవ నిలిచిపోయింది. 2011 జనవరి 28న ఈజిప్టులో సెల్‌ఫోన్లు, ఇంటర్నెట్టు ఆపివేయబడ్డాయి. అంతేకాదు, ప్రభుత్వ పక్షపు సందేశాలను తమ నెట్‌వర్కు ద్వారా బలవంతంగా పంపించారని వోడాఫోన్ కంపెనీ ప్రకటించింది. 2014 జనవరిలో యుక్రెయిన్ రాజధాని కీవ్‌లో నిరసన జరిగే వీధి దగ్గర ఉన్నవారి ఫోన్లకు, మీరు అల్లర్లలో పాల్గొన్నవారిగా నమోదయ్యారని తెలిపే ఎస్.ఎం.ఎస్. వచ్చింది. వారేమి మాట్లాడారో ఎవరూ వినలేదు. వారు అక్కడ నిలిచి ఉండడమే చాలినంత సాక్ష్యమైంది.

6. తాళం బలపడిన తరువాత

ఈ లోపాలలో మొదటిదానికి ఇప్పుడు మందు దొరికింది. పంపేవారి ఫోన్‌లో కట్టబడి, అందుకొనేవారి ఫోన్‌లో మాత్రమే విప్పబడే రహస్యలిపి సిగ్నల్ వంటి యాప్‌లతో సామాన్యులకు అందింది. 2016 ఏప్రిల్ నుండి వాట్సాప్‌లో కూడా అదే పద్ధతి వచ్చింది. 1988లో జెన్‌కిన్ ఎంతో శ్రమపడి సాధించినది నేడు కూరగాయలమ్మే తల్లి చేతిలో ఆమెకు తెలియకుండానే ఉన్నది. శ్రమే భద్రతకు శత్రువని చెప్పుకొన్నాము గనుక ఇది చిన్న మేలు కాదు.

అయినను రెండు సంగతులు మిగిలే ఉన్నాయి. మొదటిది, మాట దాగినా ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎక్కడనుండి అనే లెక్క పూర్తిగా దాగదు. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకొన్న తరువాత, నార్వేకు చెందిన టెలినార్ కంపెనీ 2022లో అక్కడి వ్యాపారాన్ని అమ్మివేసి వెళ్లిపోయింది. అప్పుడు దాదాపు 1.8 కోట్ల మంది చందాదారుల కాల్ వివరాలు ఎవరి చేతిలో పడతాయోనని ప్రజలు భయపడ్డారు. రెండవది, విప్పిన సందేశం ఫోన్‌లోనే నిలిచి ఉంటుంది. సైనికులు దారిలో ఆపి ఫోన్ తెరిచి చూపమంటే ఏ లిపీ అడ్డురాదు. ఇక పెగసస్ వంటి గూఢచారి ప్రోగ్రాములు ఫోన్ లోపలికే చొరబడి, యజమాని చదివేదే తామూ చదువుతాయి. 2016 ఆగస్టులో ఎమిరేట్స్‌కు చెందిన హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ తనకు వచ్చిన ఎస్.ఎం.ఎస్.లోని లింకును నొక్కకుండా, కెనడాలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులకు పంపాడు. దానివల్లనే ఆ ప్రోగ్రాము గుట్టు లోకానికి తెలిసింది. అతని జాగ్రత్త ఎందరినో మేలుకొలిపింది. కాని అతనిని కాపాడలేదు. 2017 మార్చిలో అరెస్టయి, 2018లో పదేళ్ల శిక్ష పొందాడు. అంతకన్నా చేదు నిజం, అటువంటి ప్రోగ్రాములు కొన్ని ఆ తరువాత ఏ లింకూ నొక్కకుండానే ఫోన్‌లో ప్రవేశించగలిగాయి.

ముగింపు

పైన చూసిన చరిత్రనుండి మేము తేల్చదలచినది ఇది. లిలీస్‌లీఫ్‌లోను, డర్బన్‌లోను లిపి ఓడిపోలేదు. దాచుకొన్న వ్రాత పట్టి ఇచ్చింది. చిక్కిన మనుష్యులు ప్రాణాలు చెల్లించారు. వూలా రెండేళ్లు నిలవడానికి మూడు కారణాలు కనబడుచున్నవి: సందేశాన్నీ మనిషినీ ముడివేయని పబ్లిక్ ఫోన్, వాడిన వెంటనే చెరిపివేసే అలవాటు, డిస్కు మోసినవారి నమ్మకం. సెల్‌ఫోన్ వీటిలో మొదటిదానిని పూర్తిగా తీసివేసింది. రెండవదానికి విరుద్ధంగా అన్నిటినీ దాచిపెట్టడమే దానికి అలవాటు. మూడవదాని విషయంలో అది మనకు ఏమీ ఇవ్వదు, మన దగ్గరనుండి ఏమీ తీసికొనదు. అది నేటికీ మనుష్యుల చేతిలోనే ఉన్నది.

ఇది దూరదేశపు విప్లవకారులకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. హింసలు జరిగే చోట ఒక కాపరి ఫోన్‌లో ఆశ్రయం కోరినవారి నంబర్లు, కూడుకొనే ఇళ్ల చిరునామాలు, సాక్ష్యం చెప్పినవారి ఫొటోలు ఉంటాయి. ఆయన ధైర్యశాలి కావచ్చును. కాని ఆ ఫోన్ చిక్కిననాడు ఆపద ఆయన ఒక్కనికే కాదు. తన ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరికైనా ఉండవచ్చును గాని, ఇతరుల పేర్లను పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. అవసరం తీరిన సందేశాన్ని చెరిపివేయడం, అవసరం లేని పేరును అసలు వ్రాయకుండడం, కొన్ని మాటలకు ఫోన్‌ను ఇంటిలో విడిచి నడిచివెళ్లడం, ఇవి చిన్న పనులే. డర్బన్‌లోని ఆ డిస్కులను ఎవరైనా ఒక సాయంకాలం చెరిపివేసి ఉంటే ఎందరి కథ వేరుగా ఉండేదో పాఠకులు ఆలోచించవలెనని మా మనవి.